టోలిచౌకి జయపాల్

జయపాల్ పొద్దున ఏడున్నరకల్లా గడ్డం గీయించుకుని, తల దువ్వించుకుని సిద్ధంగా ఉండేవాడు. చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు. ఎనిమిదింటికి హైదరాబాద్ రేడియోలో ‘నగరం మాట’ మొదలవుతుంది, అందులో తను మాట్లాడాలి. రేడియోలో మొహం కనబడదు కదా అని భార్య హెప్సిబా మొదట్లో అనేది. తర్వాత అనడం మానేసింది.

పాన్‌గల్ మండలంలో చిన్న ఊరు వాళ్లది. ఒకటే గది, ముందు రేకుల వసారా. ఆ గదిలో మంచం మీద నాలుగేళ్లుగా ఉన్నాడు జయపాల్. అంతకుముందు పదహారేళ్లు హైదరాబాద్‌లో తాపీ పని చేశాడు. టోలిచౌకిలో ఒక అపార్ట్‌మెంటు బయటి గోడకు ప్లాస్టరింగ్ చేస్తుంటే పరంజా కర్ర జారింది. మూడో అంతస్తు నుంచి ఇసుక కుప్ప అంచున పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుము కింద స్పర్శ పోయింది. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు.

ఊరికి తెచ్చాక మొదటి ఏడాది ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. హెప్సిబా అతన్ని కడిగి, మూత్రం సంచి ఖాళీ చేసి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తొమ్మిదింటి ఆటోలో పత్తి చేలకు పోయేది. రెండో పక్కకు తిప్పడానికి పక్కింటివాళ్లు వచ్చేవారు. మిగతా సమయమంతా ఫోనే తోడు. ఒకరోజు ఆ ఫోన్‌లో రేడియో పెడితే మెహదీపట్నం ట్రాఫిక్ గురించి ఎవరో గొడవ పడుతున్నారు. ఆ రోడ్డు ఎక్కడ ఇరుకవుతుందో, ఎందుకవుతుందో జయపాల్‌కు తెలుసు. నంబరు చెప్పగానే కలిపాడు. ఫోన్ ఎత్తిన అమ్మాయి నగరంలో ఎక్కడి నుంచి అని అడిగింది. టోలిచౌకి అన్నాడు. నోటికి ఆ పేరే వచ్చింది.

అలా మూడేళ్లు గడిచాయి. పేపరంతా ఫోన్‌లోనే చదివేవాడు. మురుగు కాలువల గురించి, మెట్రో గురించి, పార్లమెంటులో ఆ వారం నడిచిన చర్చ గురించి మాట్లాడేవాడు. కార్యక్రమం నడిపే సరిత, టోలిచౌకి జయపాల్ గారు ఏమంటారో చూద్దాం అంటూ లైన్ కలిపేది. మలక్‌పేట నుంచి మల్లికార్జున్ అనే రిటైర్డ్ లెక్చరర్ దాదాపు రోజూ మాట్లాడేవాడు. ఇద్దరికీ పడేది కాదు. లోక్‌సభ సీట్లు జనాభాను బట్టి పెంచడమే న్యాయం అని ఆయన వాదన. పిల్లల్ని తక్కువ కన్న రాష్ట్రాలు నష్టపోవాలా అని జయపాల్ వాదన. ఒకసారి ఆ వాదన మధ్యలో, మీరు వకీలా అని మల్లికార్జున్ విసుక్కున్నాడు. ఆ మాట చెప్పుకుని జయపాల్ రెండు రోజులు సంతోషపడ్డాడు.

ఎన్నికలు దగ్గర పడ్డాక ఒక ఉదయం, నగరంలో పోలింగ్ ఎందుకు తగ్గుతోంది అన్నది చర్చ. పని కోసం నగరానికి వచ్చినవాళ్లు ఓటు ఊళ్లోనే ఉంచుకుంటున్నారని మల్లికార్జున్ అన్నాడు. ఓటు ఇక్కడ లేనివాళ్లకు ఈ నగరం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదని అడిగాడు. అప్పటికే జయపాల్ లైన్లో ఉన్నాడు. సరిత అతన్ని పిలిచింది. గది ఊడుస్తున్న హెప్సిబా చేతిలో చీపురు ఆగింది.

“మేడం, సారు అడిగిన దాన్ల తప్పు లేదు” అన్నాడు జయపాల్. “నా ఓటు టోలిచౌకిల లేదు. నేను గూడ ఆడ లేను. మూడేండ్ల సంది మీకు అబద్ధం చెప్తున్న. పాన్‌గల్ దగ్గర మా ఊర్ల మంచంల ఉన్న. టోలిచౌకిల బిల్డింగు మీదికెళ్లి పడ్డ. నడుము కింద ఏం తెల్వదు నాకు. పదహారేండ్లు ఆ పట్నంల గోడలు కట్టిన. ఇప్పుడు చెప్పున్రి సారు, నాకు మాట్లాడే హక్కు ఉన్నదా, లేదా?”

ఆ ప్రశ్న దగ్గరే ఆపి సరిత ఏదో పాట వేసింది.

ఆ తర్వాత చాలామంది మాట్లాడారు. ఒకప్పుడు అతనితో కలిసి ఇటుకలు పేర్చిన కురుమూర్తి రేడియోకే ఫోన్ చేసి, మా జయపాలే అని చెప్తూ ఏడ్చాడు. ఎవరో శ్రోత చక్రాల కుర్చీ పంపారు. నాలుగేళ్లలో మొదటిసారి జయపాల్ వసారాలో కూర్చుని వీధి చూశాడు. అందుకు అందరికీ దండం పెట్టాడు. కానీ రేడియోలో మాట మారిపోయింది. లైన్ కలపగానే పడక పుండ్లు మానాయా, నిద్ర పడుతోందా అని సరిత మెల్లగా అడిగేది. అతను పాలసీల గురించి ఎత్తుకుంటే ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఒకరోజు మళ్లీ లోక్‌సభ సీట్ల చర్చ వచ్చింది. జయపాల్ తన పాత వాదనే చెప్పాడు. మూడేళ్లు దాన్ని ఖండించిన మల్లికార్జున్, మీరన్నదే నిజం జయపాల్ గారూ అన్నాడు.

మర్నాటి నుంచి జయపాల్ ఫోన్ చేయలేదు. ఐదు వారాలు రేడియో కూడా పెట్టలేదు. ఏమైందని హెప్సిబా చాలాసార్లు అడిగింది. చివరికి ఒకరోజు చెప్పాడు.

“పడ్డోనితోని ఎవ్వరు కొట్లాడరు హెప్సీ. జాలి పడ్తున్నరు గంతే.”

“గదే మాట ఆ సారుకు చెప్పు” అంది హెప్సిబా. “నాకు చెప్తే ఏమొస్తది?”

మర్నాడు ఆమె ఆటో వదిలేసి పక్కన కూర్చుంది. దేశమంతా ఒకేసారి ఎన్నికలు పెట్టడం గురించి మల్లికార్జున్‌తో చర్చ నడుస్తోంది. జయపాల్ గొంతు వినగానే సరిత ఆరోగ్యం సంగతి ఎత్తింది.

“నా పానం సంగతి డాక్టరు చూస్కుంటడు మేడం. నేను ఎలక్షన్ల గురించి మాట్లాడనీకె చేసిన. సారూ, మీకో మాట. నాతోని ఒప్పుకోకున్రి. ఒప్పుకుంటే నేను మంచంలనే ఉన్నట్టు అనిపిస్తున్నది.”

జయపాల్ తన వాదన పూర్తి చేశాక మల్లికార్జున్, మీరు చెప్పిన దాంట్లో రెండు తప్పులున్నాయని మొదలుపెట్టాడు. వార్తల సమయం అయినా ఇద్దరూ ఆపలేదు.

ఆ చలికాలంలో జయపాల్‌కు వీపు మీద పుండు పడి జ్వరం వచ్చింది. వనపర్తి దవాఖానలో ఇరవై రోజులు ఉన్నాడు. తొమ్మిదో రోజు వార్డులోంచే ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గిపోయింది, మాట మాటకూ ఆగుతున్నాడు. ఎక్కడ ఉన్నారని సరిత అడగలేదు. పాన్‌గల్ జయపాల్ గారు లైన్లో ఉన్నారని మాత్రం చెప్పింది. అతను రెండు నిమిషాలు మాట్లాడాడు. మల్లికార్జున్ అంతా విని, ఒక్క పరామర్శ మాట అనకుండా, నేను ఒప్పుకోను అన్నాడు.

మంచం పక్కన స్టూలు మీద ఉన్న హెప్సిబా ఫోన్‌ను భర్త చెవికి ఇంకొంచెం దగ్గరగా పట్టుకుంది.