మరలో ముందు పడిన గింజలు

మా మనవరాలికి గోధుమ పడదు. రెండేళ్ల కిందట బంధువుల ఇంట్లో మైదాతో చేసిన భక్ష్యం సగం తిన్నది. మొదట ఎడమ చెవి ఎర్రబడింది, తర్వాత పెదవులు ఉబ్బాయి, ఆ తర్వాత గొంతు పూడుకుపోసాగింది. ఆ వరస నాకు కంఠతా వచ్చు. డోన్ నుంచి కర్నూలు దాకా కారులో దాని ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినలేదు. అప్పటినుంచి డాక్టరు రాసిచ్చిన సూదిమందు మా దేవుని గూట్లో ఉంటుంది.

ఈసారి పుట్టినరోజుకు బర్గర్ కావాలంది. బడి పిల్లలంతా తింటుంటే తాను చూస్తూ కూర్చుంటుందట. మా వీధి చివర బర్గర్ల బండి పెట్టుకున్నాయన జొన్నపిండితో బన్ను చేసిస్తానన్నాడు. అన్నట్టే సాయంత్రం పొట్లం తెచ్చి ఇచ్చాడు. మా అమ్మాయి దాన్ని కంచంలో పెట్టింది. నేను చెప్పేదాకా ముట్టొద్దని పాపతో అని, ఆయనను అరుగు మీద కూర్చోబెట్టాను.

"లోపలి బిళ్లలో ఏమేమి ఏసినావప్పా?"

"ఉర్లగడ్డ, క్యారెట్టు, బఠానీలు, ఉప్పు, కారం."

"విడిపోకుండా?"

"ఉర్లగడ్డే పట్టుకుంటాది. బ్రెడ్డు పొడి ముట్టనే లేదు."

"ఇంగువ?"

"ఎయ్యలేదు. దాంట్లో మైదా కలుపుతారని నువ్వే చెప్తివి గదా."

"నూనె?"

"కొత్తది. పెనం గూడా మా ఇంటిది. పోలీసోళ్లు గూడా ఇన్ని అడగరవ్వా."

మా అమ్మాయి లోపల్నుంచి నవ్వింది. "పెండ్లిచూపుల్లో మా ఆయన్నీ ఇట్లే అడిగిందిలే అన్నా."

"జొన్నపిండి యాడిది?" అన్నాను.

"మన మరలోదే. జొన్నలు కడిగి, ఎండబెట్టి నేనే తీస్కపోయినా."

మరలో ముందువాళ్ల పిండి ఎంతో కొంత నిలిచిపోతుంది. ఊళ్లో అది అందరికీ తెలుసు, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను మాత్రం పాప జొన్నలు ఆడించేటప్పుడు మొదటి రెండు కిలోల పిండి గొడ్లకు ఇచ్చేసి, ఆ తర్వాత పడిందే ఇంటికి తెస్తాను.

"మర కాడ జనం ఉండిరా?"

"శానా మంది. గోధుమ పడని పాప, పుట్టినరోజు అని చెప్తి. పాపం, అందరూ జరిగి నన్ను ముందుకు పంపిరి."

"నీకంటే ముందు మరలో ఏం పడినాయి?"

ఆయన నవ్వుతూనే చెప్పాడు. "పెండ్లోళ్ల గోధుమలు. పెద్ద మూట."

చెప్పి, నా ముఖం చూసి నవ్వు ఆపాడు.

లోపలికి వెళ్లేసరికి బర్గర్ కంచంలో అలాగే ఉంది. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. బన్ను అంచున గోరంత లేదు.

"రవ్వంత గిల్లుకున్నానవ్వా," అంది పాప. "నువ్వు ఎంతసేపటికీ రాకపోతివి."

మా అమ్మాయి గూట్లోంచి సూదిమందు తీసింది. బండాయన గడప అవతల తన చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. నేను పాప జడ పక్కకు తీసి ఎడమ చెవి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు మామూలుగానే ఉంది. ఏమీ కాదేమోనని మా అమ్మాయి అంటుండగానే చెవి తమ్మె దగ్గర రంగు వచ్చింది.

సూది అక్కడే వేశాం. బండాయన పరుగెత్తి కారు పిలుచుకొచ్చాడు. కర్నూలు దారి పొడుగునా పాప ఊపిరి వింటూ పోయాను. ఈసారి గొంతు పూడలేదు.

మరునాడు ఇంటికి తెచ్చుకున్నాం. మర దగ్గర దారి ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పాపను పలకరించి పోయారు. అందరూ మంచివాళ్లే. చివరగా వచ్చినామె కొంగు చాటు నుంచి ఒక డబ్బా తీసింది.

"పాపకని లడ్లు చేసినా పెద్దమ్మా. గోధుమ వాసన గూడా లేదు, అంతా రాగులే."

పాప అప్పటికే చెయ్యి చాపింది. డబ్బా నేనే అందుకుని, ఆమెను అరుగు మీద కూర్చోమన్నాను.

"రాగులు యాడ ఆడించినావమ్మా?" అని అడిగాను.