నూట పన్నెండేళ్ళ జేకబ్ తాత

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. భగవంతుడు తెలివితేటలు పంచిపెట్టడానికి బయల్దేరి, తాడేపల్లిగూడెం స్టేషన్లో బండి దిగి, ఎవరినీ దారి అడక్కుండా నేరుగా మా ఇంటికే వచ్చాడని. (వచ్చింది మా నాన్నగారి కోసమేమో, తలుపు తీసింది మాత్రం నేను.) డిగ్రీ పాసై ఆరు నెలలు ఇంట్లో ఖాళీగా కూర్చున్నా ఆ నమ్మకం చెక్కు చెదరలేదు. ఏడో నెలలో ఏలూరులో ఉద్యోగం దొరికింది. పవర్‌పేటలో బట్టల కొట్టు పైన రెండు గదులు, పదకొండు కంప్యూటర్లు, ఒక మేనేజరుగారు, అదీ ఆఫీసు. పనేమిటని మా వీధిలో ఎవరడిగినా "అమెరికా వాళ్ళ పూర్వీకుల్ని వెతికిపెట్టడమండీ" అనేవాణ్ణి. విన్నవాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, వాళ్ళు ఎక్కడ పారేసుకున్నారేమిటని అడిగేవారు. అసలు సంగతేమిటంటే, అక్కడ వంశవృక్షాలు తయారుచేసి ఇచ్చే కంపెనీ ఒకటుంది. ఆ దేశానికి మొదట్లో వెళ్ళి, అడవి కొట్టుకుని వ్యవసాయం చేసుకున్న కుటుంబాల పాత కాగితాలకి ఫోటోలు తీసి మాకు పంపేది. వీలునామాలు, పొలాల దస్తావేజులు, చర్చి పుస్తకాల్లో రాసిన పుట్టుకలూ పెళ్ళిళ్ళూ. అవి చదివి టైపు కొట్టి, ఎవరికి ఎవరు ఏమవుతారో కలిపి చెట్టు గీసి పంపడం మా పని. మూడు నెలలు చూసి, బాగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

నాకు పిచ్చెక్కిపోయింది, నిజం చెబుతున్నాను. పొద్దున్నే గూడెంలో పాసింజరు ఎక్కి, ఏ రైతుకి ఎంతమంది పిల్లలో, ఏ కూతురు ఎవర్ని చేసుకుందో నెమరేసుకుంటూ కూర్చుంటే, భీమడోలు ఎప్పుడు దాటిందో తెలిసేది కాదు. వాళ్ళలో ఎవరైనా రైతు పోతే ఊళ్ళో పెద్దమనుషులు ఇద్దరు ఇంటికి వెళ్ళి, ఉన్న సామానంతా జాబితా రాసేవారు. ఇనప కుండ ఒకటి, ఈకల పరుపు ఒకటి, పాత నాగలి, గొడ్డలి, మొక్కజొన్న రెండు గాదెలు, కుంటి ఆవు. ఆ కుంటి ఆవు కనబడ్డ రోజున నేను మధ్యాహ్నం క్యారేజీ విప్పడం మర్చిపోయాను. ఎప్పుడో పోయిన మనిషి దొడ్లో ఆవు కుంటిదన్న సంగతి ఇవాళ ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసుకదా అని ఒళ్ళు పులకరించిపోయింది. ఆగలేక పక్క సీటులో కూర్చునే కొల్లేరక్కకి చెప్పాను. (ఆవిడ కొల్లేరు లంకల్లోంచి రోజూ బస్సులో వచ్చేది, అందుకని ఆఫీసంతా అలాగే పిలిచేవాళ్ళం. వాళ్ళకి చేపల చెరువు ఉంది.) పాలిచ్చేదో లేదో రాశారా అని అడిగి, రాయలేదనగానే తన పని తను చూసుకుంది. ఈవిడకి చరిత్రంటే ఆసక్తి లేదు పాపం అనుకున్నాను.

మూడో నెలలో నా చేతికి జేకబ్ తాత వచ్చాడు. అమెరికాలో ఏదో పల్లెటూళ్ళో ఉండే ఎనభై దాటిన పెద్దావిడ, తమ వంశానికి మూలపురుషుడైన జేకబ్ అనే రైతు వివరాలు కావాలని కంపెనీకి రాసింది. ఆయన్ని పాతిపెట్టిన చోట పేరున్న రాయి కూడా లేదట. తను పోయేలోగా పేరూ వయసూ చెక్కించి ఒక రాయి నిలబెట్టాలని ఆవిడ కోరిక. మేనేజరుగారు ఆ ఫైలు నాకిస్తూ, ఇది సరిగ్గా చేస్తే నా ఉద్యోగం ఖాయమనీ, చెయ్యకపోతే తన చేతుల్లో ఏమీ లేదనీ, ప్రతి మాటకీ ఒక 'అండీ' తగిలించి మరీ చెప్పారు. (ఆయన అందరినీ అలాగే పిలిచేవారు. మాకు ఎక్కువ భయం వేసేది అందుకే.)

కాగితాలు ముప్ఫై దాకా ఉన్నాయి. చర్చి పుస్తకంలో జేకబ్ పుట్టుక ఒక్కటే దొరికింది. దాని తర్వాతి పుస్తకం ఎలుకలు కొట్టేశాయో, తగలబడిపోయిందో, లేదు. ఆ పుట్టుక దగ్గర మొదలుపెట్టి కాగితాలు వరసగా పేర్చుకుంటూ పోయాను. జేకబ్ పొలం కొన్నాడు. జేకబ్ పెళ్ళి చేసుకున్నాడు. డెబ్బై అయిదో ఏట మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు (మొదటావిడ పోయి ఉంటుంది పాపం అనుకున్నాను). ఎనభై ఎనిమిదో ఏట ఇంకో నలభై ఎకరాలు కొన్నాడు. తొంభై ఏడో ఏట కూతురు పుట్టింది. ఆఖరికి వీలునామా రాశాడు. వేళ్ళ మీద రెండుసార్లు, కాలిక్యులేటర్ మీద మూడుసార్లు లెక్క వేశాను. నూట పన్నెండేళ్ళు! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. కుర్చీ చక్రాల మీద వెనక్కి దొర్లుకుంటూ వెళ్ళి మంచినీళ్ళ క్యాను పడగొట్టింది. నేను ఆ నీళ్ళలోనే నిలబడి అందరికీ కేకేసి చెప్పాను.

ఇద్దరు జేకబ్‌లు ఉండొచ్చు కదా, తండ్రీ కొడుకులది ఒకటే పేరు అయ్యుండొచ్చు కదా అని మీరు ఈపాటికి అనుకునే ఉంటారు. నాకు ఆ ఆలోచన రాలేదండీ. ఎలా వస్తుంది? మా ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెడతారు. తండ్రి నిక్షేపంలా తిరుగుతుండగా కొడుక్కి ఆయన పేరే పెడతారా ఎవరైనా? పెడితే ఆ తల్లి పిల్లాణ్ణి ఏమని పిలుస్తుంది, మొగుడి పేరు నోటితో పలకదు కదా? మా ఇంటి సంగతే చూడండి. నాకు మా తాతగారి పేరు పెట్టారు. మా నాయనమ్మకి అది మొగుడి పేరు, మా అమ్మకి మావగారి పేరు. ఇద్దరూ పలకరు. అందుకని నేను బుల్లిబాబునయ్యాను. నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు. ఆయన నోట నా అసలు పేరు ఏడాదికి ఒక్కసారి, తాతగారి తద్దినంనాడు వినబడేది. చిన్నప్పుడు ఒకసారి ఆయన పిండం పెడుతూ ఆ పేరు పలగ్గానే పక్కగదిలోంచి "ఆఁ, వస్తున్నా" అన్నాను. భోక్తలుగా వచ్చిన పెద్దలిద్దరూ నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడ్డారు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఒకే పేరుతో తండ్రీ కొడుకూ ఒకే పొలం దున్నుతారని ఎలా తడుతుంది చెప్పండి.

మేనేజరుగారికి మాత్రం ఒక్క అనుమానం వచ్చింది. తొంభై ఏడో ఏట కూతురేమిటండీ అని మెల్లిగా అడిగారు. స్వచ్ఛమైన గాలి, ఇంటి పాడి, మందులు కొట్టని పంట అంటూ పది నిమిషాలు వాయించాను. ఆయనకి షుగరుంది. అంతా విని, నిట్టూర్చి, పంపించెయ్యమన్నారు. ఇంట్లో చెబితే నాన్నగారు నాకంటే ఎక్కువ పొంగిపోయారు. మర్నాడు ఎవరిదో గృహప్రవేశం చేయిస్తూ, మావాడు అమెరికాలో నూట పన్నెండేళ్ళు బతికిన రైతుని కనిపెట్టాడని హోమం మధ్యలో చెప్పేశారట. గూడెం మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు ఆయన నన్ను రోడ్డు మీద ఆపి, ఆ తాత ఏం తినేవాడని అడిగారు. మొక్కజొన్న అని చెప్పాను. ఆయన ఆ రోజు నుంచీ పొద్దుటిపూట కాఫీ మానేసి మొక్కజొన్న గంజి మొదలుపెట్టారు. వారం తిరక్కుండా గూడెం బజార్లో నాన్నగారికి కాకుండా నాకు నమస్కారాలు రావడం మొదలైంది. వద్దన్నానా? రెండు చేతులా అందుకున్నాను.

ఇంతలో ఆ పెద్దావిడ దగ్గర్నుంచి ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది. మేం పంపిన చెట్టు చూసుకుని సంతోషంతో ఏడ్చిందట. జేకబ్ పేరూ, దాని కింద నూట పన్నెండు సంవత్సరాలు జీవించినవాడు అనీ చెక్కమని పురమాయించిందట. సోమవారం పని మొదలవుతుందని రాసింది. మేనేజరుగారు ఆ ఉత్తరం ప్రింటు తీయించి గోడకి అంటించారు. నెలాఖరున నా ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం ఇస్తామన్నారు.

గురువారం మధ్యాహ్నం కొల్లేరక్క "తమ్ముడూ, ఇలా ఓసారి రా" అని పిలిచింది. అదే ఊరి భూముల కాగితాలు ఇంకొన్ని మిగిలితే ఆవిడ టైపు చేస్తోంది. కంప్యూటర్ మీద మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉంచింది. మూడూ జేకబ్‌వే, మూడూ ఒక్క ఏడాదిలోవే. మొదటిదాని కింద సంతకం లేదు. అడ్డదిడ్డంగా రెండు గీతలున్నాయి, ఇది జేకబ్ పెట్టిన గుర్తు అని పక్కన వేరెవరో రాశారు. రెండోదాని కింద వంకీలు తిరిగిన చక్కటి సంతకం. మూడోదాని కింద మళ్ళీ గీతలు.

"మా చెరువు కాగితాల మీద మా నాన్న వేలిముద్ర వేస్తాడు, మా అన్న సంతకం పెడతాడు" అంది అక్క. "వేలిముద్ర వేసేవాడు సంతకం నేర్చుకుంటే నేర్చుకోవచ్చు. సంతకం వచ్చినవాడు మళ్ళీ గీతలెందుకు పెడతాడు? వీళ్ళు ఇద్దరు మనుషులు తమ్ముడూ. తండ్రీ కొడుకులు."

"ఇద్దరికీ ఒకటే పేరైతే వాళ్ళమ్మ కొడుకుని ఏమని పిలుస్తుందక్కా?" అన్నాను, తెలివిగా.

అక్క నా మొహంలోకి జాలిగా చూసింది. "వాళ్ళు అమెరికా వాళ్ళు నాయనా. మొగుణ్ణే పేరు పెట్టి పిలుస్తారు."

 కాగితాలన్నీ మళ్ళీ ముందేసుకుని, గీతలవి ఒక పక్కకీ, సంతకాలవి ఒక పక్కకీ తీశాను. నా నూట పన్నెండేళ్ళ మహాపురుషుడు గంటలో రెండు ముక్కలయ్యాడు. డెబ్బై దగ్గర పోయిన తండ్రి ఒకడు, అరవై అయిదుకి పోయిన కొడుకు ఒకడు (కొడుకు వయసు అక్క దగ్గరున్న కాగితాల్లో దొరికింది). రెండోసారి పెళ్ళి చేసుకున్నది తండ్రి కాదు, అది కొడుకు మొదటి పెళ్ళి. మేనేజరుగారికి చెబితే ఆయన గోడమీది ఉత్తరం వంక చూసి, "ఏవండీ, మీరు నన్ను ముంచేశారండీ" అన్నారు. తప్పని చెబితే కంపెనీ పని ఇవ్వడం మానేస్తుందేమోనని ఆయన భయం. మేమంతా కలిసి పదకొండు మందిమి. అంత దూరంలో పొలంలో ఉన్న రాయిని ఎవరు చూడొచ్చారని కూడా అన్నారు. రేపటిదాకా ఆలోచించుకోమన్నారు.

ఇంటికొచ్చి, నాన్నగారు సంధ్యావందనం చేసుకుని లేచాక, నా స్నేహితుడొకడికి ఇలాంటి చిక్కొచ్చిందని చెప్పాను. ఆయన ఉత్తరీయం మడత పెట్టుకుంటూ అంతా విన్నారు.

"పోయింది ఇద్దరు కదరా. ఒకడికి పెట్టి రెండోవాడికి మానేస్తే, ఆ రెండోవాడేం పాపం చేశాడు?" అన్నారు.

 ఆ స్నేహితుడెవరని ఆయన అడగలేదు. మడత పెట్టిన ఉత్తరీయం మళ్ళీ భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. ఎక్కడికని అడిగితే, ముందు ఉల్లిపాయలాయనకి చెప్పొస్తాను, ఆ గంజి తాగలేక తాగుతున్నాడు అన్నారు. ఆయన గొప్పగా చెప్పుకున్న ప్రతి గుమ్మానికీ వెళ్ళి, మావాడు పొరబడ్డాడండీ అని చెప్పి వచ్చారు. 

శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఆవిడకి ఉత్తరం రాశాను. మా ఇళ్ళల్లో పేర్లు ఎలా పెడతారో, ఆడవాళ్ళు ఏ పేర్లు పలకరో, అందువల్ల మీ ఇద్దరు తాతల్ని నేను ఒకణ్ణి ఎలా చేసేశానో పూసగుచ్చినట్టు చెప్పి, క్షమించమన్నాను. మేనేజరుగారు చదివి, ఇంగ్లీషు రెండు చోట్ల దిద్ది, మీ పేరుతోనే పంపండి, ఆఫీసు పేరు వద్దండీ అన్నారు. పంపాను. సోమవారం వెళ్ళింది, ఆ పై సోమవారం కూడా వెళ్ళింది, జవాబు లేదు. నెలాఖరున కాగితమూ ఇవ్వలేదు. రాయి చెక్కేశారేమో, ఆ ముసలావిడ మళ్ళీ ఏడ్చిందేమో అని రైల్లో కూర్చుని మథనపడేవాణ్ణి. మూడో వారంలో ఒక ఉత్తరం, ఒక ఫోటో వచ్చాయి. నూట పన్నెండేళ్ళ మాట ఊరంతా టముకు వేసుకున్నాననీ, ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తీసుకుంటున్నాననీ, అందుకే ఆలస్యమైందనీ రాసింది. ఆ కింది వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "ఇన్నేళ్ళూ నాకు ఒక్క తాతే ఉన్నాడనుకున్నాను, మీరు రెండో తాతని తెచ్చి ఇచ్చారు."

ఫోటోలో రెండు కొత్త రాళ్ళున్నాయి. రెండింటి మీదా ఒకటే పేరు, వయసులు వేరు. పెద్ద జేకబ్ రాయి మీద పేరు కింద ఆయన గీసే రెండు గీతలు కూడా చెక్కించింది. కొల్లేరక్క ఆ ఫోటో చేతిలోకి తీసుకుని, చదువు రానివాడి గుర్తుని రాయిమీద పెట్టారా అని అడిగి, వాళ్ళ నాన్నకి చూపించడానికి ఒక కాపీ తీయించుకుంది. కంపెనీ పని మానెయ్యలేదు. నా ఉద్యోగమూ ఖాయమైంది, అయితే నేను గీసిన ప్రతి చెట్టూ ముందు అక్క చూడాలని షరతు పెట్టారు. ఆవిడకి చరిత్రంటే ఆసక్తి లేదన్న మాట నేను ఎవరితోనూ అనకపోవడం నా అదృష్టం.

పదిహేనేళ్ళు గడిచాయి. ఇప్పటికీ అదే పని చేస్తున్నాను, ఇప్పుడు పొరపాట్లు చెయ్యను. ఏదైనా పేరు కనబడితే, అదే పేరుతో ఇంకొకడున్నాడేమోనని ముందు వెతికాకే ముందుకు కదులుతాను. అందరూ మెచ్చుకుంటారు. కానీ అంత సంబరం నాకు మళ్ళీ ఏ కాగితమూ ఇవ్వలేదండీ. ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొస్తే వాడి తెలివితక్కువతనానికి నవ్వొస్తుంది, నవ్వుతూనే వాడు నాకంటే సుఖపడ్డాడనీ అనిపిస్తుంది.