గోడకు రెండడుగుల దూరం

ఆ ఇంజనీరుకున్న పిచ్చి ఒక్కటే. ఏ వస్తువూ ఇంకో వస్తువుకి ఆనుకుని ఉండకూడదు. మంచం గోడకు దూరంగా ఉండాలి, బీరువా మంచానికి దూరంగా ఉండాలి, చెప్పుల్లో ఎడమది కుడిదానికి దూరంగా ఉండాలి. "కాస్త వెనక్కి జరపండి" అనేది ఆయన ఊతపదం. అసలు పేరు అడిగితే ఊళ్లో ఎవరూ చెప్పలేరు గానీ, జరుగుడు ఇంజనీరు అంటే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఇల్లు చూపిస్తారు.

ఒకసారి ఆఫీసులో బదిలీ అయిన పెద్ద అధికారికి వీడ్కోలు ఫొటో తీసే పని ఈయనకి అప్పగించారు. ఇంకో అడుగు వెనక్కి, ఇంకొక్క అడుగు అంటూ అందర్నీ జరుపుకుంటూ పోయాడు. చివరికి ఆ అధికారి కుర్చీతో సహా పూలమొక్కల్లో పడ్డాడు. ఫొటోలో ఆయన బూట్లు మాత్రం చాలా బాగా వచ్చాయి.

ఇలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఏటి కరకట్టలు చూసుకోవడం. ఊరిని ఆనుకుని కట్ట, కట్టను ఆనుకుని ఏరు. ఈయనకి నిద్ర ఎలా పడుతుంది? కట్టని నాలుగు వందల గజాలు వెనక్కి జరపాలని పదకొండేళ్లుగా పై ఆఫీసుకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. వాళ్లు నవ్వి నవ్వి, నవ్వే ఓపిక అయిపోయి, చివరికి సరేనన్నారు.

ఊరివాళ్లతో మీటింగు పెడితే, ఆయన కాగితాలేవీ తేలేదు. ఒక పొయ్యి, ఒక సన్నటి చెంబు, ఒక వెడల్పాటి గిన్నె తెచ్చాడు. రెండింట్లో చెరో లీటరు పాలు పోసి కాచాడు. చెంబులో పాలు పొంగి సభాధ్యక్షుడి ఫైలు మీద పడ్డాయి. గిన్నెలోవి బుడగలేసుకుంటూ గిన్నెలోనే ఉన్నాయి. "ఇన్నాళ్లూ చెంబుని పొడుగు చేస్తూ వచ్చాం. ఇకనైనా గిన్నె చేద్దాం. ఏరు పరుచుకోడానికి చోటిస్తే ఊళ్లోకి రాదు," అన్నాడు. మామూలుగా ఇంట్లో ఇద్దరికి టీ పెట్టడానికి కూడా ఆయన ఇరవైమందికి సరిపడే గిన్నె వాడతాడని ఆ సభలో ఆయన భార్యకి ఒక్కదానికే తెలుసు.

పాల సంగతి అందరికీ అర్థమైంది. చిక్కల్లా కట్ట జరిగితే ఏటివైపు మిగిలిపోయే పదమూడు ఇళ్లతో వచ్చింది. వాళ్లకి కొత్తకట్ట వెనక స్థలాలిస్తామన్నారు. అయినా ముందు సంతకం ఎవరు పెడతారు? అందరూ ఇంజనీరు భార్య వైపు చూశారు. ఎందుకంటే ఆ పదమూడింటిలో మొదటి ఇల్లు ఆవిడదే. ఇరవై ఏళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కట్టుకున్న ఇల్లు. ఏటివైపు కిటికీ ఆవిడ ప్రాణం. ఆ వెలుగులో సూదిలోకి దారం కళ్లు మూసుకుని ఎక్కించగలదు.

"నేను పెట్టను," అని ఆవిడ తేల్చి చెప్పింది.

అసలు ఆ కిటికీ దగ్గర మొగుడూ పెళ్లాలకి ఏళ్ల తరబడి యుద్ధం నడుస్తోంది. పొద్దున ఆవిడ కుట్టుమిషను కిటికీ గోడకి ఆనించి పెట్టుకుంటుంది. సాయంత్రం ఆయన వచ్చి రెండడుగులు వెనక్కి లాగుతాడు. పైగా ఆ కిటికీ కింద, మోకాలెత్తున, ఓ క్యాలెండరు తగిలించాడు. తేదీ చూడాలంటే నేలమీద కూర్చోవాలి. దాన్ని తీస్తానంటే మాత్రం ఊరుకోడు. "మా ఆయన క్యాలెండర్ని కూడా జరిపాడు, కాకపోతే కిందికి," అని ఆవిడ బట్టలివ్వడానికి వచ్చినవాళ్లతో చెప్పి నవ్వించేది.

వానలు మొదలయ్యాక ఆయన సర్వే పనిమీద వారం రోజులు ఊరెళ్లాడు. ఇదే సందని ఆవిడ మిషను గోడకి అతుక్కునేలా తోసేసి, వారమంతా హాయిగా కుట్టుకుంది. ఆరో రోజున మిషను ఇనపకాళ్లు ఎర్రగా తుప్పుపట్టి కనిపించాయి. ఇదేమిటా అని జరిపేసరికి క్యాలెండరు ఊడిపడింది.

దాని వెనక గోడ మీద పెన్సిలు గీతలున్నాయి. ఒక్కో గీత పక్కన ఒక్కో ఏడాది, ఆయన గుండ్రటి అక్షరాల్లో. అడుగున చీలమండ ఎత్తులో మొదలై మోకాలిదాకా, మొత్తం పదకొండు గీతలు. ఏటి చెమ్మ ఏడాదికెంత పైకి పాకిందో ఆ లెక్క. ఆవిడ వేలు పెట్టి నొక్కితే ఇటుక టీలో ముంచిన బిస్కెట్టులా రాలింది.

ఆయన తిరిగి వచ్చేసరికి ఆవిడ ఆ గోడ ముందే కూర్చుని ఉంది.

"పదకొండేళ్ల నించీ తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా."

ఆయన కాసేపు గొడుగుని గోడకి దూరంగా నిలబెట్టే ప్రయత్నం చేశాడు. అది నిలబడలేదు. "ఒక్కో చొక్కా కుట్టి కట్టుకున్న ఇల్లు. గోడ పోతోందని నీతో ఎలా చెప్పనోయ్? మిషనైనా జరుపుదామనుకున్నా. తర్వాత కట్టనే జరుపుదామనుకున్నా."

ఆవిడకి ఆ మనిషి మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందంటే, ముందు అరగంట బాగా తిట్టింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి మొదటి సంతకం పెట్టి, కలం మిగతా పన్నెండు ఇళ్లకీ తనే తిప్పింది.

మరుసటి ఏడు వానలకి ఏరు ఎప్పటిలాగే పొంగింది. పాత కట్ట తీసేసిన చోట తాపీగా పరుచుకుంది. ఆవిడ పాత ఇల్లున్న జాగాలో మోకాలిలోతు నీళ్లు, తుంగ, ఎక్కడెక్కడినించో వచ్చిన అడవి బాతులు. ఊళ్లో ఒక్క గడపా తడవలేదు. కప్పల గోల మాత్రం భరించలేకపోతున్నామని జనం ఇంజనీరు దగ్గరికి వచ్చి సంతోషంగా ఫిర్యాదు చేసి వెళ్లేవాళ్లు.

కొత్త ఇంట్లో క్యాలెండరు కళ్లకెదురుగా ఉంది. ఆవిడ మిషనుని తనే, అలవాటు కొద్దీ, కిటికీకి రెండడుగుల దూరంలో పెట్టుకుంది. ఆయన ఆఫీసు నించి వచ్చి చూశాడు. చొక్కా చేతులు మడిచి, మిషనుని తోసుకుంటూ వెళ్లి గోడకి ఆనించాడు.

"ఇక్కడ ఆనుకోవచ్చు," అన్నాడు.

ఆవిడ ఆ వెలుగులో కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది. ఆయన వెనక నిలబడి కాసేపు చూసి, ఉండబట్టలేక ఆవిడ కుర్చీని జానెడు వెనక్కి లాగాడు. ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాక, ఆవిడ కుర్చీ మళ్లీ ముందుకి జరుపుకుంది.