ఒక క్విడ్‌కి పాడిన కుర్చీ

దొరసానిగారు ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది, మా పల్లెలో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే బైబిలు స్త్రీ. "ఇంక నీకు ఇంగ్లీషు చెప్పేదెవరే అమ్మాయ్?" అంది గుమ్మంలోనే నిలబడి. నేను మిరపకాయల తొడిమలు తీస్తూనే ఉన్నాను.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. మాది సత్తెనపల్లి దగ్గర ఊరు. చిన్నప్పుడే కాలు చచ్చుబడి నేను బడి ముఖం చూడలేదు. తెలుగు అక్షరాలు నాన్న బైబిల్లోంచి నేర్పాడు. అమ్మ లేదు. నాన్న చేలోకి వెళితే చీకటి పడేదాకా ఇంట్లో నేనొక్కదాన్నే. అలాంటి నాకు దేవుడు పంపిన మనిషి, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న దొరసానిగారు. సాయంత్రాలు తన వరండాలో కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చెప్పేవారు. ఆమె లండన్‌లో బండి మీద కూరలమ్మినాయన కూతురు. పాఠం అయ్యాక వాళ్ళ వీధి మాటలు నేర్పేవారు. పౌండును క్విడ్ అనాలట, షిల్లింగును బాబ్ అనాలట, ఆరు పెన్నీల బిళ్ళ టానర్ అట. "మిగతా దొరల ముందు అనమాకు, నన్ను తిడతారు" అని నవ్వేవారు. బదులుగా నేను మన పాత డబ్బుల పేర్లు బేడ, కాణీ చెప్పేదాన్ని.

వెళ్ళేముందు ఆమె తన సామానంతా గుడిలో కోత పండుగ వేలానికి ఇచ్చేశారు. నాకు కావలసింది ఒక్కటే, పాఠం చెప్పేటప్పుడు ఆమె కూర్చునే పేము కుర్చీ. గుడ్లమ్మి దాచుకున్న తొమ్మిది రూపాయలకు పాడాను. పోటీ ఎవరూ రాలేదు. నేను దాన్ని ముట్టుకునేలోపే పాస్టరయ్యగారు, "దేవునికి స్తోత్రం! చెల్లెమ్మ మళ్ళీ దేవునికే ఇచ్చింది, రెండోసారి పాట!" అనేశారు. మా గుడిలో అదే ఆనవాయితీ. పాడుకున్న గుమ్మడికాయనైనా కోడినైనా తిరిగి వేలానికి ఇచ్చేస్తారు. అందరి ముందు, అదీ దేవుని సొమ్ము దగ్గర, ఇవ్వనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎవరో పది అన్నారు. ఇంకొకరు పన్నెండు.

అప్పుడు వెనకనుంచి దొరసానిగారు "ఒక క్విడ్!" అన్నారు.

"అదెంతండీ, రూపాయల్లో?" అన్నారు అయ్యగారు తెల్లబోయి. ఆమె నా వైపు చెయ్యి చూపించారు.

"పౌండండీ అయ్యగారూ. పదిహేను రూపాయల పైమాటే" అన్నాను.

"ఓర్నీ, దొరసానమ్మ తన కుర్చీ తనే కొనుక్కుంటందేందిరా!" అని మగవాళ్ళ వైపునుంచి ఎవరో నవ్వారు.

"నాక్కాదయ్యా, ఆ పిల్లకి. ఇంక మళ్ళీ పాట లేదు" అన్నారామె.

వారం తిరక్కుండా వెళ్ళిపోయారు. కుర్చీ మా ఇంటికొచ్చింది గానీ అందులో కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. ఎదురుగా చాప మీదే కూర్చుని చదువుకునేదాన్ని. పైకి చదివితే తప్పులు దిద్దేవారు లేరు. ఏడాదికో ఉత్తరం వచ్చేది. "ఇక్కడ టానర్ బిళ్ళే లేకుండా పోయింది, కొట్లో పిల్లలకు ఆ మాట కూడా తెలియదు" అని ఒకసారి రాశారు. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఎప్పుడు పోయారో, దగ్గర ఎవరున్నారో నాకు చెప్పేవారు లేకపోయారు.

ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె చలవ, ఆమెను పంపిన ప్రభువు కృప. పూలు పెట్టడానికి ఆమె సమాధి ఇక్కడ లేదు. అందుకే అడుగుతున్నాను. ఇది చదివినవారు మీ ప్రార్థనలో ఒక్క నిమిషం ఆమెను తలుచుకోండి.