సిరిసిల్లకు రాసిన కార్డు

ఎములాడ రాజన్న మీద ఒట్టు, మా ఇలవేల్పు మీద ఇంకో ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. జగిత్యాలలో నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకు మూతి పక్కకు తిప్పి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి. మొన్న మా తమ్ముడి బిడ్డ డాక్టరు చదువుకు ఏదో మంచు దేశం పోతూ, పెట్టెలో మామిడికాయ తొక్కు సీసాల చుట్టూ స్వెటర్లు కుక్కుతూ అడిగింది: "పెద్దబాపూ, నువ్వు పోయినప్పుడు మొదట్ల ఎట్లుండె? ఎలుగుబంటి ముచ్చట గాదు, నిజం చెప్పు." హాస్టలు మెస్సులో ఎలుగుబంటి కంచం పట్టుకుని నా వెనక వరుసలో నిలబడిందని ఆమె చిన్నతనంలో నేనే చెప్పాను. నిజం మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

అవి అన్నల రోజులు; నక్సలైట్లను మా దిక్కు అన్నలనే అనేవాళ్లు. రుద్రంగిలో మా పొలాల్లో ఎర్రజెండాలు పాతారు. బాపు ఇంటికి తాళం వేసి మమ్మల్ని కోరుట్లలో ఒక కిరాయింట్లో దించాడు. నన్ను ఇంకా దూరం పంపితే మేలనుకుని, వాళ్లనూ వీళ్లనూ పట్టుకుని సోవియట్ దేశంలో ఇంజనీరింగు సీటు సంపాదించాడు. ఆ దేశం పేరులో ఏముందో ఆయన ఆలోచించినట్టు లేదు. నేను రైలు దిగేసరికి స్టేషను నుంచి హాస్టలు దాకా స్తంభం స్తంభానికీ ఎర్రజెండా. బాపు దేనికి భయపడి నన్ను పంపాడో అది నాకంటే ముందే వచ్చి నిలబడింది. ఇక చలి సంగతి: ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి, తుమ్మితే విరుగుతాయేమోనని తుమ్ము ఆపుకునేవాణ్ణి. పుల్లటి నల్లరొట్టె, క్యాబేజీ ఉడికిన నీళ్లు. గదిలో నాతో ఉన్నవాడు అక్కడి పల్లెటూరివాడు. వాడి మాట నాకు రాదు, నా మాట వాడికి రాదు. అమ్మ కట్టిచ్చిన సకినం ఒకటి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా గోడకు మేకు కొట్టి తగిలించాడు. అది తినేదని చెప్పే భాష నాకు లేదు. తెలుగు మాట విని తొమ్మిది రోజులైంది. పదోరోజు నేను ఆ సకినంతో మాట్లాడటం మొదలుపెట్టాను.

అది ఊకొట్టదు కదా. ఊకొట్టేవాడు సిరిసిల్లలో ఉన్నాడు. మా ఇంట్లో పాలేరుగా జీతమున్నాయన కొడుకు, నా ఈడువాడు, రుద్రంగి బడిలో నా పక్కన కూర్చున్నవాడు. బట్టలు నేసే మరమగ్గాల్ని అక్కడ సాంచెలంటారు. వాడు ఆ సాంచెలు నడిపేవాడు. ఊళ్లో మా వాకిలి ముందు నుంచి పోయేటప్పుడు వాళ్లవాళ్లెవరైనా భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకోవాలి. వాడూ పెట్టుకునేవాడు, "చిన్నదొరా" అనేవాడు. నేను సిరిసిల్ల పోతే మాత్రం, సాంచెల మోతలో అదే తువ్వాల తీసి నా భుజం మీద విసిరి, "అరేయ్, ఏదన్న కొత్తది చెప్పు" అనేవాడు. నేను ఒక అబద్ధం అల్లేవాణ్ణి. "గిది సాల్లేదు, ఇంకింత కలుపు" అనేవాడు. ఒకసారి అన్నల మీటింగుకు పోయి వచ్చి, "పాటలు మంచిగున్నయిరా, ముచ్చట్లకే నిద్రచ్చింది" అన్నాడు. వాడికి వాళ్లతో ఉన్న సంబంధం అంతే.

ఆ పదోరోజున వాడికి ఒక బొమ్మ కార్డు రాశాను. బొమ్మ మీద జెండా పట్టుకున్న సిపాయి విగ్రహం. వెనక నా అక్షరాలు: "ఇక్కడ మొదటి వారం పుస్తకాలివ్వరు, తుపాకులిస్తరు. నాకు గురి కుదిరింది. వచ్చేటప్పుడు నీకొకటి తెస్త. మనోళ్లకు చెప్పి ఉంచు." కవరు కూడా కాదు, దారిపొడుగునా ఎవరైనా చదువుకోగల కార్డు. డబ్బాలో వేసి వాడి నవ్వు తలుచుకుంటూ వచ్చాను. ఆ రోజు క్యాబేజీ నీళ్లు కూడా రుచిగానే అనిపించాయి.

రెండు నెలలకు, ఆ నల్లరొట్టె అలవాటవుతున్న వేళ, బాపు ఉత్తరం వచ్చింది. "నీ కార్డు పోస్టాఫీసు నుంచి సీదా ఠాణాకు పోయింది. పిలగాన్ని పట్టుకపోయిండ్రు. ఇగ ఎవ్వలకు ఏం రాయకు." ఆ పూటే జవాబు రాశాను: మీరు ఠాణాకు పోండి, మావాడు పుట్టు అబద్ధాలకోరని చెప్పండి, మొదటి ఉత్తరంలో నేను ఇంటికి రాసిన ఎలుగుబంటి సంగతి కూడా చెప్పండి. దానికి బదులు రావడానికి ఇంకో నెలన్నర పట్టింది. "నేను ఠాణా మెట్లెక్కితే అన్నలు ఊకుంటరా? ఎక్కలేదు. వాన్ని పద్దెనిమిది దినాలకు ఇడిసిపెట్టిండ్రు. కుడిచేతి ఏళ్లు పనికి రావట." తెగిన పోగు ముడివేయలేని చేతికి సాంచె ఎవరిస్తారు?

సెలవులకు వచ్చి ముందు సిరిసిల్లకే పోయాను. షెడ్డు మూలన కూర్చుని ఎడమచేత్తో కండెలకు నూలు చుడుతున్నాడు. నన్ను చూసి, "గీసారి జర ఎక్కువ కలిపినవురా" అన్నాడు. తువ్వాల తీసి నా భుజం మీద విసిరి నవ్వాడు.

రాజన్న నన్ను మన్నించాలి. జెండాలు నిజం, సకినం నిజం, కార్డు నిజం, ఆ వేళ్లు నిజం. ఆ నవ్వు ఒక్కటే నేను కల్పించాను. నన్ను చూడగానే వాడు లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని, "ఎప్పుడచ్చిండ్రు దొరా?" అన్నాడు. ఆ మోతలో మమ్మల్ని చూస్తున్నవాళ్లు ఎవరూ లేరు. తర్వాతి ఏండ్లలో మా ఊళ్లో ఎందరివో తువ్వాలలు చంకల్లోంచి భుజాల మీదికి ఎక్కాయి, అది కాలం చేసిన పని; వాడి తువ్వాల దిగింది మాత్రం నా వల్ల, దాన్ని మళ్లీ పైకెత్తడం కాలానికి కూడా చేతకాలేదు.