ఎలుకలకు పెట్టిన ముద్ద

మొన్నటి వానకు మా వీధి చివర రైసుమిల్లు వాళ్ళు బయట పోసిన ఊక తడిసి మాగిపోయింది. పొద్దున్న పాలకు వెళ్తుంటే ఆ వాసన తగిలి కాళ్ళు ఆగిపోయాయి. అందరికీ అది కుళ్ళు కంపే. నాకు మాత్రం అది సత్యవతి మేడం గారి ఎలుకల గది. అరవైల చివర, విజయనగరంలో ఒక కాలేజీలో, జంతుశాస్త్ర విభాగం వెనక విరిగిన బల్లలు పడేసే గదిని ఖాళీ చేయించి ఆవిడ తెల్ల ఎలుకలను పెంచేవారు. నేను అప్పుడే బీఎస్సీ ముగించి ఆవిడ దగ్గర డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. బోనుల్లో ఊక పరవడం, తీయడం, మళ్ళీ పరవడం నా పని. చక్కెర జబ్బు వచ్చిన ఎలుక తాగే నీళ్ళకూ పోసే ఉచ్చకూ అంతుండదు. పొద్దున్న వేసిన ఊక మధ్యాహ్నానికి ముద్దయ్యేది. ఆ చాకిరీ తలుచుకుంటే ఇప్పటికీ నడుం లాగుతుంది.

ఆ జబ్బు వాటికి దానంతటది వచ్చింది కాదు. క్లోమాన్ని దెబ్బతీసే మందు సూదితో ఎక్కించి మేమే తెప్పించేవాళ్ళం. ఆ మందు వాల్తేరు యూనివర్సిటీ నుంచి ఆవిడ డాక్టరేటు గైడు గారు పంపేవారు. కొన్నాళ్ళకే ఎలుక ఆవురావురుమంటూ తినడం మొదలుపెట్టేది. తిన్నకొద్దీ చిక్కిపోయేది. తీరా కోసి చూస్తే, ఒళ్ళంతా ఎండిపోయినా పేగు మాత్రం బలిసి, పొడుగై, బరువుగా ఉండేది. "తిన్నదంతా పేగే ఉంచేసుకున్నట్టుంది చూడు, పైడమ్మా" అన్నారు మేడం మొదటిసారి. ఆవిడ అరిచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నలభై దాటిన మనిషి, పొద్దున్నే నాలుగు క్లాసులు చెప్పి, కళ్ళు పీక్కుపోయి ఆ గదిలోకి వచ్చేవారు. కుర్చీలో కూర్చుంటే లేవలేనని నిలబడే టీ తాగేవారు.

గైడు గారు ఒక మెలిక పెట్టారు. "అంత తింటే పేగు పెరగదా? ఇందులో జబ్బు చేసిందేముంది?" అన్నారట. అది తేలితేనే డాక్టరేటు. అందుకని మేడం కొత్త జట్టును మొదలుపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు ఎంత తింటాయో కొలిచి, జబ్బు ఎలుకలకూ అంతే పెట్టాలి, ఒక్క గింజ ఎక్కువ కాకూడదు. అప్పుడు కూడా పేగు పెరిగితే అది జబ్బు పనే. మందు అయిపోవచ్చింది, ఇదే ఆఖరి జట్టు. జబ్బు ఎలుకలు తమ వంతు ఒక్క ఊపున మింగేసి, బోను కమ్మీలు పట్టుకుని మా వంక చూస్తూ నిలబడేవి. నేను మొహం తిప్పుకునేదాన్ని. మేడం తిప్పుకునేవారు కాదు.

జట్టులో కొన్నిటిని కోసి చూసిన రోజున ఆవిడ మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. కొలిచి పెట్టినా పేగులు బరువెక్కాయి. "ఇంక పెద్దాయన నోరు మూతపడుతుందిలే" అని నవ్వారు. ఆ నవ్వు వినాయక చవితి దాకా నిలిచింది.

మేడం తల్లి అప్పలనరసమ్మ గారిది కోటబొమ్మాళి దగ్గర పల్లె. పొలం పనిలో రాటుదేలిన చేతులు. ఆవిడకూ చక్కెర జబ్బే. అందుకే మేడం ఆవిడను తెచ్చి దగ్గర పెట్టుకుని, చోడి సంకటి, అదే రాగి సంకటి, కొలిచి పెట్టేవారు. రోజూ మధ్యాహ్నం మాకు కేరియరు తెచ్చేది ఆవిడే. చవితి నాడు కాలేజీకి సెలవైనా ఎలుకలకు సెలవుండదు కదా. మేమిద్దరం వెనక కుళాయి దగ్గర బోనులు కడుక్కుని వచ్చేసరికి, ఆవిడ స్టూలు మీద కూర్చుని జబ్బు ఎలుకలకు బెల్లం కుడుములు చిదిపి పెడుతోంది.

"అలా సూస్తావేటే సత్తీ? ఇనాయక సవితి నాడు సామి వాహనాన్ని పస్తెడతావేటే?" అంది.

మేడం చేతిలోని బోను కింద పెట్టారు. "ఎన్ని పెట్టావమ్మా?"

"ఇయ్యాళొక్కరోజేటి? కేరియరు తెచ్చినప్పుడల్లా ఓ ముద్ద ఎడతన్నాను. మీరు కలాసుల్లో ఉంతారు కదా. ఆ బలిసినోటికి ఎట్టనేదు. ఈ బక్కోటికే."

"ఎక్కడిదమ్మా ఆ ముద్ద?"

"నీ కేరియరు నాను ముట్టనేదు. నాకు నువ్వు కొలిసెట్టిన సంకటిలోదే. తిన్న గంటకే కడుపు మళ్ళీ పీకుతాది. నువ్వేమో జబ్బంతావు. జబ్బయితే మాత్తరం ఆకలి ఆకలి కాదేటే?"

కొలిచిన లెక్కంతా పాడైపోయింది, ఇంక మేడం తల్లి మీద విరుచుకుపడతారు అనుకున్నాను. మేడం నెమ్మదిగా తల్లి పక్కన నేల మీద చతికిలబడ్డారు. "ఇవాళ నువ్వు తిన్నావా?" అని అడిగారు. "నా వంతు ఆటికెట్టేసినాను" అంది ముసలమ్మ. మేడం కేరియరు విప్పి అన్నం కలిపి తల్లి చేతిలో ముద్ద పెట్టారు. ఆ రోజు కొలవలేదు. నాకు ఏడుపొచ్చి బయటికి వెళ్ళిపోయాను.

విషయం తెలిసి పక్క విభాగం లెక్చరరు ఒకాయన సలహా ఇచ్చారు. "రాసింది రాసినట్టు పంపెయ్యండి. ముసలావిడ చెప్పకపోతే మీకు తెలిసేదా?" మేడం చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, "తెలిసింది కదండీ" అన్నారు. అంతే. ఆ సాయంత్రమే గైడు గారికి జరిగినదంతా రాశారు. మందు మళ్ళీ రాలేదు. గది ఎప్పుడు ఖాళీ చేస్తారని కాలేజీ వాళ్ళు అడగసాగారు.

"ఇంక కొలవకు పైడమ్మా. తిన్నంత పెట్టు" అన్నారు ఆవిడ. పెట్టాను. అవి తిన్నాయి, తిని తిని ఒక్కొక్కటే పోయాయి. మిగిలిన ఊక నేనే ఎత్తిపోశాను. మేడం డాక్టరేటు లేకుండానే రిటైరయ్యారు. ఎవరి మీదా నేరం మోపగా వినలేదు. తల్లికి మాత్రం ఆ తరవాత మధ్యాహ్నాలు ఒక గ్లాసు మజ్జిగ కలిపిన అంబలి ఎక్కువ ఇచ్చేవారు.

నేనూ లెక్చరరునై ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాను. పిల్లలు తెచ్చిన ఫలితం మరీ ముచ్చటగా ఉంటే, "వీటికి మధ్యలో ఎవరైనా ఏమైనా పెట్టారేమో కనుక్కోండి" అనేదాన్ని. వాళ్ళు నవ్వుకునేవారు. పేగు పెరిగింది జబ్బుకా తిండికా అన్నది ఆ తరవాత ఎక్కడో ఎవరో తేల్చే ఉంటారు. నేను వెతకలేదు. నాకంత ఓపిక లేదు.

ఇప్పుడు నాకూ అదే జబ్బు. నా కూతురు గిన్నెతో కొలిచి అన్నం పెడుతుంది. తిన్న గంటకే నేను వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాను. "ఇప్పుడే కదమ్మా తిన్నావు, అది ఆకలి కాదు, జబ్బు" అంటుంది. మంచి పిల్ల, తప్పేమీ అనలేదు. గుమ్మం పట్టుకుని దాని వంక చూస్తాను. జబ్బేనని నాకు తెలుసు. ఆకలేనని కూడా తెలుసు.