మస్తానన్న పిలుపు

నిన్న నకలు కాగితం కోసం కోర్టుకు వెళ్లినప్పుడు, వరండా గోడకు బిగించిన మైకులో ఒక పేరు మూడుసార్లు గరగరమంది. ఎవరూ లేవలేదు. నాకు మస్తానన్న గుర్తుకు వచ్చాడు.

దేశదేశాల న్యాయపదవులను వివరించే లావుపాటి పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. ఖాజీ, మున్సిఫు, అమీను, ఇంగ్లండు ఛాన్సలరు, ఫ్రాన్సు నోటరీ, అందరూ అందులో ఉన్నారు. కక్షిదారులను పేరు పెట్టి పిలిచే బంట్రోతుకు మాత్రం ఒక్క పంక్తి కేటాయించలేదు. ముప్పై ఏళ్లు బెంచి క్లర్కుగా రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఇటువంటి లోపాన్ని సహించలేను.

మస్తానన్న మా కోర్టు బంట్రోతు. ప్రతి ఉదయం వరండాలో కూర్చున్నవారిని ఒక్కొక్కరినే పలకరించి, "ఏమప్పా, ఊర్లో నిన్నేమని పిలుస్తారు?" అని అడిగేవాడు. తరువాత కాగితంలోని పేరుతో ఒకసారి, ఊరు పిలిచే పేరుతో రెండుసార్లు పిలిచేవాడు. దావాలో లేని పేరు కోర్టులో పలకరాదని ఒకనాడు మందలించాను.

"కాగితం లేసి రాదు కద సార్, మనిషి రావల్ల" అన్నాడు.

కంబదూరు దగ్గరి పల్లె నుంచి గొర్రెలు మేపుకునే ఒక వితంతువు వచ్చేది. మరిది ఆక్రమించిన రెండెకరాల చేను కోసం ఆమె దావా వేసింది. కాగితాల్లో లక్ష్మీదేవమ్మ, పుట్టినప్పటి నుంచి అందరికీ తిమ్మక్క. ఒక వాయిదా నాడు మస్తానన్న జ్వరంతో సెలవు పెట్టాడు. ఆమె వకీలూ రాలేదు. బదులు వచ్చిన బంట్రోతు లక్ష్మీదేవమ్మ అని మూడుసార్లు పిలిచాడు. నేను "గైరుహాజరు" అని రాశాను. జడ్జిగారు దావా కొట్టివేశారు.

సాయంత్రం తలుపులు మూస్తుంటే ఆమె వరండాలోనే కూర్చుని ఉంది.

"పొద్దున్నుంచి ఈడే ఉండాను సార్. నన్ను ఇంగా పిల్చలేదే?"

వకీలును అడగమని చెప్పి ఇంటికి వెళ్లిపోయాను. ఆమె వచ్చిన సంగతిని ఆ రోజు ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

మస్తానన్న తిరిగి వచ్చి, సంగతి తెలుసుకుని, నా బల్ల ముందు నిలబడ్డాడు. ఆమె వచ్చిందని జడ్జిగారికి రాసి ఇవ్వమన్నాడు. నేను రాసిన రికార్డును నేనే తప్పని ఎలా చెప్పగలనని కోపగించుకున్నాను.

"ఆయమ్మకు చేను పోతాది సార్," అన్నాడు నెమ్మదిగా. "మీ రిజిస్టరు యాడికీ పోదు."

ఆ రాత మీద నాకున్న గర్వమంతా ఆ మాటతో సిగ్గుగా మారింది. ఆనాడు ఆమె కోర్టు వరండాలోనే ఉన్నదనీ, తెలిసి కూడా నేను మౌనం వహించాననీ వివరంగా రాసి ఇచ్చాను. జడ్జిగారు దాన్ని రెండుసార్లు చదివారు. వకీలు దరఖాస్తు మీద దావాను తిరిగి తెరిచారు. తరువాతి వాయిదాకు మస్తానన్న వాకిట్లో నిలబడి "తిమ్మక్కో" అని పిలిస్తే, ఆమె చెంగు సర్దుకుంటూ లోపలికి వచ్చింది. ఏళ్లు పట్టినా చేను ఆమెకే దక్కింది.

మస్తానన్న ఇప్పుడు లేడు. నిన్న ఆ మైకు ఆగిన తరువాత నేను లేచాను. స్తంభానికి ఆనుకుని, మడత విప్పని సమన్లు చేతిలో పట్టుకున్న ఒక ముసలాయన కనిపించాడు. కాగితం అడిగి చూశాను. మైకులో వినిపించిన పేరే.

"ఏమప్పా, ఊర్లో నిన్నేమంటారు?"

"పుల్లన్న అంటారు సామీ."

"లెయ్యి పుల్లన్నా. లోపల పిలుస్తాండేది నిన్నే."